ఉప్పు చెత్త పోసిన నారుమడి

నారుమడికి మట్టి ఎలా చెయ్యాలో మా అమ్మ నేర్పింది. రెండుసార్లు తవ్వి, గడ్డలు చేత్తో నలిపి, వేళ్లూ గడ్డిదుబ్బులూ ఏరి పారేసి, వారం రోజులు ఎండనివ్వాలి. పశువుల పెంట ఏడాది మాగి నల్లగా పొడి అయ్యాక జల్లించి కలపాలి. గుప్పిట్లోకి తీసుకుంటే వాసన రాకూడదు. నీరు నిలవకుండా మడిని జానెడు ఎత్తు లేపాలి. వంగ గింజను ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే ఒకేచోట కుప్పగా మొలిచి నారు సన్నగా సాగి పడిపోతుంది. ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు. అప్పటికి నాకు అక్షరం రాదు.

అక్షరం రాదన్న మాటతోనే నా నోరు మూయించారు.

మాది ఉద్దానం తీరం. కొబ్బరి, జీడి పండే ఇసుక నేల. మధ్యలో కాస్త ఎర్రమట్టి ముక్క ఉంది. కూరగాయల నారు అక్కడే పోస్తాం. అమ్మ పోయేముందు తన పెరటి గుండ్రటి వంకాయ విత్తనం గుడ్డలో కట్టి ఇచ్చింది. దాని కోసం ఆ ఏడు మడి చేశాను. రేపు విత్తాలనగా, నా భర్తకు అన్నగారు, మా బావ, బారువ నుంచి రెండు బస్తాలు తెప్పించి ఆ మడిలో గుమ్మరించారు. ఎండుచేపలు ఆరబెట్టిన చోట ఊడ్చిన చెత్త. తలలు, పొలుసులు, వాటికి అంటుకున్న ఉప్పు. మేము దాన్ని కొబ్బరి మొదట్లో వేస్తాం. కొబ్బరికి ఉప్పు పడుతుంది.

"బావా, అది ఉప్పు సెత్త. వంగ తట్టుకోదు," అన్నాను.

"కొబ్బరి తట్టుకుంది కదేటి?"

"అది సెట్టు. ఇది గింజ."

ఆయన మా ఆయన వైపు తిరిగారు. "ఏరా, సంతకం ఎట్టడం రాదు గానీ మీ ఇంట్లో యవసాయ ఆఫీసరు ఈవిడేనేటి?"

మా ఆయన కూడా నవ్వారు. అది నేను మర్చిపోలేదు.

మర్నాడు బావ గట్టు మీదే నిలబడి విత్తమన్నారు. విత్తాను. మూటలో సగమైనా దాచుకోనందుకు నా మీద నాకే కోపం. పదిహేను రోజులు నీళ్లు చిలకరించాను. అక్కడక్కడ లేచిన మొలకలు ఆకు అంచులు మాడి చచ్చిపోయాయి. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది. బావ మాత్రం మా వీధి బోరు దగ్గర అందరి ముందూ, "ఆ సెయ్యి మంచిది కాదు," అన్నారు.

అంతే. తవ్వేది నేను, పెంట మోసేది నేను, మడి కట్టేది నేను. విత్తే వేళకు నన్ను పక్కకు జరగమని తోటికోడల్ని పిలిచేవారు. తొమ్మిదేళ్లు నా చేత్తో గింజ ముట్టనివ్వలేదు.

మొలకలు చచ్చిన ఆ నెలలోనే పరీక్షకని ఎవరో వచ్చి ఊళ్లో మట్టి తీసుకెళ్లారు. మా మడి మట్టి నేనే ఇచ్చాను. కాగితం వచ్చింది. బావ చదివి, "మట్టి బాగానే ఉందట," అని నా చేతికిచ్చారు. పెట్టెలో పెట్టాను.

పోయినేడు మా వీధి ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పారు. యాభై దాటాక పలక పట్టాను. సబ్బు కాగితం, టెక్కలి బస్సు బోర్డు, కంటికి ఏది కనబడితే అది చదివాను. ఒకరోజు పెట్టెలోని కాగితం తీశాను. కూడబలుక్కుంటూ చదివాను. ఉప్పు చాలా ఎక్కువగా ఉంది, నారు పోయడానికి పనికిరాదు అని ఉంది. మూడుసార్లు చదివాను. ఆయనకు చదువు వచ్చు. తెలిసే ఆ మాట దాచారు.

అమ్మ విత్తనం నందిగాంలో మా చెల్లెలు ఏటా వేసుకుంటూ నిలబెట్టుకుంటే వెళ్లి తెచ్చుకున్నాను. నా వంటింటి వెనక మడి చేసి, ఎవరినీ అడగకుండా నా చేత్తోనే విత్తాను. నారు దుబ్బుగా లేచింది.

మొన్న పొద్దున బావ గంప పట్టుకుని వచ్చారు. పక్కింటావిడ మా కంచె అవతలి బోరు దగ్గర నీళ్లు పడుతోంది.

"నారు బాగా లేసిందమ్మా. రెండు కట్టలు ఇత్తావేటి?"

లోపలికెళ్లి కాగితం తెచ్చాను. "ముందిది సదువు బావా. పైకి సదువు."

"కళ్లజోడు తేలేదు."

"పర్లేదు. నాను సదువుతాను."

చదివాను. రెండు చోట్ల తడబడ్డాను, అయినా ఆపలేదు. పక్కింటావిడ బిందె నిండి పొర్లిపోతున్నా కదల్లేదు.

"ఎప్పటివో మాటలు ఇప్పుడెందుకమ్మా," అన్నారాయన.

"సెయ్యి మంచిది కాదని ఈ బోరు కాడే అన్నావు. ఇక్కడే తప్పొప్పుకో. నారు పట్టుకెళ్లు."

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. గంప అక్కడే ఉండిపోయింది.

"గంప మర్సిపోనాడు గానీ, కళ్లజోడు జేబులోనే ఉందే," అంది పక్కింటావిడ.

నాకు నవ్వు రాలేదు. గంప ఇంకా నా కంచె పక్కనే ఉంది. నారు పీకే అదను వచ్చేసింది. నాలుగు రోజులు దాటితే ముదిరిపోతుంది. మా తోటికోడలు నిన్న వచ్చి, పెద్దవాడు కదా, వదిలెయ్యమంది. నా నారు నేను నాటుకుంటున్నాను. ఆయన వంతు మాత్రం మడిలో ఒక మూల ఉంచాను. బోరు దగ్గర తప్పొప్పుకుంటే పీకి ఇస్తాను. లేదంటే అది అక్కడే ముదిరిపోతుంది.