తాళంచెవుల చప్పుడు

ఆయన బస్సు కండక్టరు. రిటైరై చాలా ఏళ్లయినా వీధిలో అందరికీ ఇప్పటికీ రైట్‌రైట్ గారే. కిక్కిరిసిన బస్సులో, ఎంత మలుపు వచ్చినా కడ్డీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. "బస్సు ఊగుతుంది, జనం ఊగుతారు, నేను మాత్రం ఊగను" అని గొప్పలు పోయేవాడు. గొప్పలే అయినా అబద్ధం కాదు. భార్యను వీధివాళ్లు కండక్టరమ్మ అనేవారు. ఒక్క టికెట్టూ కొట్టకుండానే వచ్చిపడిన బిరుదది.

ఇంట్లో కూడా డ్యూటీ భాషే నడిచేది. వంటింట్లోంచి ఆవిడ గరిటెతో గిన్నె మీద ఒకసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే రమ్మని. పెళ్లయిన కొత్తలో అత్తగారి ముందు మాట్లాడుకోవడానికి మొహమాటపడి మొదలుపెట్టిన సంకేతం. అత్తగారు పోయినా అలవాటు పోలేదు.

అలాంటి మనిషి పోయిన ఏడాది స్నానాలగదిలోంచి వస్తూ గుమ్మం దగ్గర తూలాడు. తర్వాత వీధిలో తూలాడు. మాట మధ్యలో ఆగిపోవడం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం మొదలైంది. "నాన్నా, ఇక గడప దాటితే అమ్మ వెంట ఉండాల్సిందే" అని కూతురు తేల్చి చెప్పేసింది.

ఆయన ప్రాణమంతా డిపోలో ఉంది. సాయంత్రం అయ్యేసరికి అక్కడి బల్ల మీద పాత డ్రైవర్లతో కూర్చుని నాలుగు కబుర్లు చెప్పుకోకపోతే తోచదు. పెళ్లాం చెయ్యి పట్టుకుని డిపోలో అడుగుపెట్టడమంటే తల కొట్టేసినట్టే. వెళ్లడం మానేశాడు. తిండి కూడా తగ్గించేశాడు. కంచంలో వేళ్లు కెలుకుతూ కూర్చునే మొగుణ్ణి చూసి ఆవిడ లోలోపల కుమిలిపోయింది.

ఆసుపత్రి వెనక గదిలో ముసలివాళ్లకు శిక్షణ ఇస్తారని ఎవరో చెబితే తీసుకెళ్లింది. అక్కడ ఒక గరుకు చాప, ఒక స్పాంజి పలక, పళ్లెంలో గులకరాళ్లు. కళ్లకు గంతలు కట్టి వాటి మీద నిలబెడతారు. కాలికింద ఏముందో చెప్పాలి, చప్పుడు ఎటునుంచి వచ్చిందో చూపించాలి, తూలకుండా నిలబడి కూడికలు చెయ్యాలి. "వయసు మీదపడితే అరికాళ్లు మొద్దుబారతాయి తాతగారూ. మెదడుకు కబురు ఆలస్యంగా అందుతుంది. వాటికి మళ్లీ నేర్పించాలి" అంది ఫిజియో అమ్మాయి.

మొదటిరోజు స్పాంజి మీద ఆయన కుడివైపు ఒరిగిపోతున్నాడు. ఆవిడ పట్టుకోబోయింది. చేతిలోని తాళంచెవుల గుత్తి ఇనుప కుర్చీకి తగిలి టక్కుమంది. కావాలని కొట్టలేదు. ఆయన మాత్రం ఠక్కున నిటారుగా నిలబడ్డాడు. గంతల కింద మీసం నవ్వింది.

ఇంకేముంది, ఇద్దరూ దొంగలయ్యారు. కుడికి ఒరిగితే ఒక టక్కు, ఎడమకు ఒరిగితే రెండు. ముసలావిడకు చేతులు కుదురుగా ఉండవు కాబోలు అనుకుంది ఫిజియో అమ్మాయి. ఇంటికి వస్తూ దారిపొడుగునా ఇద్దరూ కిసుక్కుమని నవ్వుకునేవారు. "నువ్వుంటే తాడు మీదైనా నడుస్తానే" అనేవాడాయన. "చాల్లెండి సంబడం" అనేది ఆవిడ. ఆయన మళ్లీ అడిగి మరీ మారు అన్నం పెట్టించుకుంటున్నాడు. ఆవిడకు ఇంకేం కావాలి?

చివరికి పరీక్ష పెట్టారు. "భేషుగ్గా ఉన్నారు తాతగారూ! ఇక దగ్గరి దారులైతే ఒక్కరే వెళ్లొచ్చు" అందా అమ్మాయి. చెప్పేద్దామని ఆవిడ నోరు తెరిచింది. గంతలు విప్పుకున్న ఆయన ముఖం చూసి మళ్లీ మూసుకుంది. ఆ సంతోషాన్ని చేతులారా చెడగొట్టడానికి మనసు రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఆవిడ చెప్పులు వేసుకోబోతే, "నువ్వెక్కడికి? పరువు తీస్తావా?" అని నవ్వాడు. ఆవిడ గుమ్మంలోనే ఉండిపోయింది.

డిపో ఆవరణ అంతా గుంతలు. వెనక్కి వస్తున్న బస్సుకు దారి ఇస్తూ ఆయన పక్కకు జరిగాడు. ఒరిగిపోతున్న సంగతి ఆయనకే తెలియలేదు. పాత డ్రైవరు ఒకాయన పరుగెత్తుకొచ్చేలోపే కూలిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను అయి, చేతికర్ర వచ్చి, చాలాకాలానికి మళ్లీ ఆ గదిలోకి వెళ్లారు. "అంత బాగా నిలబడేవారు కదా, ఎలా పడిపోయారమ్మా?" అని అడిగింది ఫిజియో అమ్మాయి. ఆవిడ ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆ అమ్మాయి కసురుకోలేదు. కసురుకుంటేనే బాగుండేది. "ఒరుగుతున్నామని ఆయన కాళ్లకే తెలియాలమ్మా. ఆ తెలియడమే మందు" అంది నెమ్మదిగా.

ఆవిడ నిలువునా నీరైపోయింది. నోటిదాకా వచ్చిన మందును రోజూ తనే లాగేసిందన్నమాట. ప్రేమకొద్దీ చేసిందే. ప్రేమకొద్దీ చేస్తే మాత్రం ఎముక విరక్కుండా ఉంటుందా?

"దాన్నేమీ అనకమ్మా, దొంగతనం ఇద్దరిదీ" అన్నాడాయన. భార్య వైపు చూడకుండానే, "నువ్వు కాసేపు బయట కూర్చోవే" అన్నాడు.

ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుంది. తలుపు మూశారు. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

"కళ్లు మూసుకోండి తాతగారూ. నేను పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు ఎటు ఒరుగుతున్నారు?"

ఆవిడ తాళంచెవుల గుత్తిని చప్పుడు కాకుండా కొంగులో చుట్టేసింది. "తెలియడం లేదమ్మా."

మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ఆ గొంతులో అంత భయం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"ఏమే... ఉన్నావా?" అని లోపలినుంచి పిలిచాడు.

ఆవిడ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పెళ్లయిన నాటినుంచి ఆయన పిలిస్తే ఆవిడ పలకకపోవడం అదే మొదటిసారి.