మద్రాసు బండికి ముందు ఉండవల్లి

1941లో నన్ను బెజవాడ జంక్షన్‌లో ఆడవాళ్ళ వెయిటింగు హాలుకు ఆయాగా వేశారు. మా ఆయన అదే స్టేషన్లో పాయింట్స్‌మన్, అంటే బండి ఏ లైను మీదికి రావాలో చూసి పట్టాలు మార్చే మనిషి. జ్వరంతో ఆయన పోయాక నాకు ఈ పని ఇచ్చారు. స్టేషన్ మాస్టరు, ఆయన కింద అసిస్టెంటు స్టేషన్ మాస్టర్లు, గుమాస్తాలు, పోర్టర్లు, అందరి తర్వాత ఆయా. హాలు ఊడ్చి కడగడం, కుండల్లో నీళ్ళు నింపించడం, మగవాళ్ళు లోపలికి రాకుండా చూడడం, సామాను అప్పజెప్పిన వాళ్ళ సామాను కనిపెట్టుకుని ఉండడం నా డ్యూటీ.

డ్యూటీలో లేని పని ఒకటి నాకు మెల్లగా అలవాటైంది. బెజవాడలో బండి మారే ఆడవాళ్ళకు ఒక్కోసారి నాలుగైదు గంటలు ఖాళీ ఉండేది. దూరం టికెట్టు ఉన్నవాళ్ళు స్టేషన్ మాస్టరు చేత టికెట్టు వెనక సంతకం చేయించుకుని ఒకరోజు ఆగే వీలు కూడా ఉండేది. దాన్ని బ్రేక్ జర్నీ అనేవారు. ఇంత దూరం వచ్చి దుర్గమ్మను చూడకుండా ఎట్లా వెళ్తామని వాళ్ళు నన్నే అడిగేవారు. రెండు గంటలుంటే కొండ ఎక్కి దర్శనం చేసుకుని రావచ్చు. మూడు గంటలుంటే మొగల్రాజపురం గుహలు కూడా చూడవచ్చు. అయిదు గంటలు దాటితే పంటు మీద కృష్ణ దాటి, అవతలి ఒడ్డున ఎడ్లబండి కట్టించుకుని ఉండవల్లి వెళ్ళవచ్చు. కొండను తొలిచి కట్టిన అంతస్తులు, ఒకే రాతిలో పడుకున్న అనంతశయనుడు, చూసి తీరాల్సినవే. జట్కాకు మస్తాన్‌ను పిలిచేదాన్ని. నమ్మకమైన మనిషి. ఆడవాళ్ళను ఎక్కించుకుంటే వెనక్కి తిరిగి చూడకుండా గుర్రంతోనే మాట్లాడుతూ తోలేవాడు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా ప్లాట్‌ఫారం మీద పెద్ద గడియారంలో ముళ్ళు ఎక్కడెక్కడ ఉంటే ఏ బండి వస్తుందో తెలుసు. ప్రతివాళ్ళకూ బండికి ఒక గంట ముందే హాలులో ఉండమని చెప్పేదాన్ని. పంటు ఆలస్యమైనా, ఎడ్లు మొరాయించినా ఆ గంట కాపాడేది. అప్పటిదాకా ఆ లెక్కతో పంపిన ఒక్కరికి కూడా బండి తప్పలేదు.

యుద్ధం రోజుల్లో సర్కారు వారు దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపించారు. రైల్వే, సర్కారు కచేరీలు, ఇస్కూళ్ళు కొత్త టైముకు మారాయి. పల్లెలు మారలేదు. కాలవ మీద పడవలు, గుళ్ళలో నైవేద్యాలు, పంటు నడిపే సరంగులు, అందరిదీ పాత టైమే. స్టేషన్లో తొమ్మిదైతే కాలవగట్టు మీద ఎనిమిది. అందుకని ఎవరిని ఊళ్ళోకి పంపినా ముందు ఒక మాట అడిగేదాన్ని, “మీది కొత్త టైమా, పాత టైమా అండీ?” అని. పాత టైమంటే చెయ్యి పట్టుకుని పెద్ద గడియారం దగ్గరకు తీసుకెళ్ళి, ముల్లు ఇక్కడికి వచ్చేసరికి మీరు ఇక్కడ ఉండాలని చూపించేదాన్ని. నేను చెప్పబోయేది ఆ మాట అడగని ఒక రోజు గురించి.

1943 శీతాకాలంలో ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్ళు మస్తాన్ జట్కాలో కాలవ లాకుల దగ్గర నుంచి వచ్చారు. దివి తాలూకాలో రైలు లేని ఒక ఊళ్ళో నేతపని వాళ్ళ ఇంటి మనుషులు. రాత్రంతా కాలవలో పడవ ప్రయాణం చేసి తెల్లవారి దిగారు. అమ్మాయి పేరు సుభద్ర, ఆమె మేనత్త వెంకటరత్నమ్మ. సుభద్ర బందరులో హైస్కూలు దాకా చదివింది. మద్రాసులో నర్సు చదువుకు దరఖాస్తు పెడితే మర్నాడు ఉదయం పదింటికి ఆసుపత్రికి స్వయంగా రమ్మని కాయితం వచ్చింది. వయసు పరిమితి ఆ ఏటితో దాటిపోతుంది. ఇంట్లో తండ్రి ఒప్పుకోవడానికే రెండేళ్ళు పట్టిందట. ఇవన్నీ తల దువ్వుకుంటూ వెంకటరత్నమ్మే చెప్పింది. “ఈసారి కాకపోతే మా అన్న మళ్ళీ గడప దాటనివ్వడమ్మా. మగ్గం ముందు కూచోబెడతాడు” అంది.

మద్రాసు బండి మధ్యాహ్నం రెండింటికి. అది తెల్లవారుజామున మద్రాసు చేరుస్తుంది. చేతిలో ఆరు గంటలకు పైగా ఉంది. సుభద్ర తనే అడిగింది, ఉండవల్లి వెళ్ళి రావడానికి కుదురుతుందా అని. బళ్ళో పాఠంలో చదివిందట. వెంకటరత్నమ్మ మాత్రం దుర్గమ్మ కొండ చాలంది. “రాళ్ళు చూడ్డానికి ఏరు దాటాలా? మన ఊళ్ళో లేవా రాళ్ళు?”

“మన ఊళ్ళో రాళ్ళు లేవత్తా. అంతా ఒండ్రే” అంది సుభద్ర.

గుమ్మం బయట జట్కా దగ్గర నిలబడ్డ మస్తాన్ గుర్రం మెడ తడుముతూ, “విన్నావా? నీకూ తెలీదు ఆ సంగతి” అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేను ప్లాను చెప్పాను. ట్రంకు పెట్టె నా దగ్గర వదలాలి. మస్తాన్ రేవు దాకా దించుతాడు. పంటు దాటాక ఎడ్లబండికి వెళ్ళిరావడానికి కలిపే మాట్లాడుకోవాలి. పై అంతస్తు ఎక్కి చూసి వెంటనే దిగాలి. వంట పెట్టుకోకూడదు, అటుకులు కట్టుకుని వెళ్ళాలి. మస్తాన్ మళ్ళీ రేవులోనే ఉంటాడు. “ఒంటిగంట కల్లా ఈ హాలులో ఉండాలి అమ్మాయిగారూ” అన్నాను.

సుభద్ర ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది. మణికట్టుకు తోలుపట్టీతో గడియారం. వాళ్ళ మేనమామ ఇచ్చాడట. “ఒంటిగంటకు. సరే” అంది.

నేను అడగాల్సిన మాట అడగలేదు. మరచిపోయి కాదు. అడగాలనిపించి ఊరుకున్నాను. చదువుకున్న పిల్ల, చేతికి గడియారం ఉంది. అంకెలు రాని ఆయా పోయి మీ గడియారం సరిగా ఉందా అని అడిగితే ఏం బాగుంటుందని అనుకున్నాను. ఆ ఉదయమే పక్క బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మను కొత్త టైమా పాత టైమా అని అడిగి, గడియారం దగ్గరకు నడిపించి తెచ్చాను.

పెద్ద గడియారంలో ఒంటిగంట అయింది. వాళ్ళు రాలేదు. నాకు కంగారు పుట్టలేదు, ఆ గంట అందుకే ఉంచింది. ఒంటిగంటన్నరకు గేటు దాకా వెళ్ళి చూశాను. రెండింటికి ఇరవై నిమిషాల ముందు పక్క స్టేషన్ నుంచి బండి బయల్దేరిందని గంట కొట్టారు. బండి వచ్చి నిలబడింది. సుభద్ర పెట్టె నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళ పెట్టె ఎదురుగా నిలబడ్డాను. ఎక్కిద్దామంటే మనుషులు లేరు, దించుకుందామంటే బండి ఉంది. అసిస్టెంటు స్టేషన్ మాస్టరు రామనాథం గారి దగ్గరకు పరుగెత్తి, అయిదు నిమిషాలు ఆపండి బాబూ, ఒక పిల్ల బతుకు అని మొత్తుకున్నాను. ఆయన జెండా చంకలో పెట్టుకుని, వెనక మిలిటరీ స్పెషల్ ఉందని, ఈ లైను ఖాళీ చేయకపోతే తన ఉద్యోగం పోతుందని చెప్పారు. బండి సరిగ్గా రెండింటికి కదిలింది. గార్డు పెట్టె నన్ను దాటి వెళ్ళేదాకా నేను కదలలేకపోయాను.

రెండున్నర దాటాక వాళ్ళు వచ్చారు. పరుగెత్తుకుంటూ రాలేదు. వెంకటరత్నమ్మ చేతిలో తామరపూలున్నాయి. పంటు నిండేదాకా సరంగు కదల్చలేదని, అందుకని ఒక అరగంట ఆలస్యమైందని, బండికి ఇంకా ఉందిగా అని ఆమె అంటూనే ఉంది. “ఏటి మధ్యలో ఉండగా వంతెన మీద ఎంత పొడుగు బండి వెళ్ళిందనుకున్నావు! కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు. నేనూ ఊపాను. దీన్నీ ఊపమన్నా, ఇది నవ్వుతూ కూచుంది” అంది.

కృష్ణ వంతెన మీదుగా ఆ వేళకు పోయే పొడుగు బండి ఒక్కటే. వాళ్ళు చెయ్యి ఊపి సాగనంపింది వాళ్ళ బండినే.

సుభద్ర నా ముఖం చూసింది. నా కాళ్ళ దగ్గర ఉన్న తన పెట్టె చూసింది. గబగబా ప్లాట్‌ఫారం మీదికి నడిచి పెద్ద గడియారం కింద నిలబడి, తన చెయ్యి ఎత్తి పక్కన పెట్టుకుని చూసుకుంది. దాంట్లో ఒంటిగంట ముప్పై అయిదు. చెయ్యి అట్లాగే ఎత్తి ఉంచింది. వెంకటరత్నమ్మ “ఏమైందే? ఏమైందే?” అని అడుగుతూనే ఉంది. తామరపూలు ఎప్పుడు జారిపడ్డాయో ఆమె చూసుకోలేదు. మస్తాన్ గేటు దగ్గరే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూలబడ్డాడు.

రామనాథం గారు మంచివారు. ఆసుపత్రికి తంతి రాయించి పంపారు. సాయంత్రం ప్యాసింజరులో వాళ్ళను ఎక్కించారు. అది మద్రాసు చేరేది మర్నాడు మధ్యాహ్నానికి. ఎక్కే ముందు వెంకటరత్నమ్మ కంప్లయింటు పుస్తకం తెమ్మంది. ప్రయాణికులు అడిగితే అది ఇచ్చి తీరాలి, అందులో రాసినది జిల్లా ఆఫీసుకు వెళ్తుంది. మేనత్త చెప్తూ ఉంటే సుభద్ర రాసింది. నా ఉద్యోగం అంతటితో సరి అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక రామనాథం గారు చదివి వినిపించారు. స్టేషన్ సిబ్బంది సరైన వేళే చెప్పారని, తన గడియారం పాత టైములో ఉండడం వల్ల బండి తప్పిందని, ఎవరి పొరపాటూ లేదని ఉంది. “బతికిపోయావు” అన్నారాయన. మేనత్త చెప్పినది ఒకటి, ఆ పిల్ల రాసినది మరొకటి. నాకు చదవడం రాదు, వెంకటరత్నమ్మకూ రాదు. మా ఇద్దరి ఎదుటే అది జరిగింది.

నాలుగో రోజు వాళ్ళు తిరిగి వచ్చారు. ఆసుపత్రిలో ఆమె సీటు రమ్మన్న రోజే మధ్యాహ్నం లోపల వేరే అమ్మాయికి ఇచ్చేశారు. పడవకు ఇంకా వేళ ఉండి హాలులోనే కూర్చున్నారు. వెంకటరత్నమ్మ నా వైపు వీపు పెట్టి కూర్చుంది. నేను మంచినీళ్ళు తీసుకెళ్తే సుభద్ర చెంబు అందుకుని, “ఆయమ్మా, రెండు టైములున్నాయని నీకు ముందే తెలుసా?” అని అడిగింది.

“తెలుసండీ” అన్నాను.

ఆమె నన్ను కొట్టినా అంత అదిరిపోయేదాన్ని కాను. కోపం లేదు, ఏడుపు లేదు. తెలుసా అని అడిగి, తెలుసనగానే తల పక్కకు తిప్పుకుంది. పుస్తకంలో ఎవరి పొరపాటూ లేదని రాసినప్పుడు ఆమెకు ఈ సంగతి తెలియదు. నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టింది. పడవ వేళకు మస్తాన్ వచ్చి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత వాళ్ళను నేను చూడలేదు.

ఆ స్టేషన్లో ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. నలభై దాటాక పోర్టర్ల పిల్లలతో కలిసి కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. చదువు వచ్చాక అర్థమైనదేమిటంటే, ఆ రోజు జరిగినదానికి నా చదువులేమి కారణం కాదు. ముళ్ళు చూడడం నాకు వచ్చు. అడగాల్సిన ప్రశ్న నాకు కంఠతా వచ్చు. చదువు లేని వాళ్ళందరినీ అడిగి, చదువుకున్న మనిషిని అడగడానికి సిగ్గుపడ్డాను. రెండు టైములున్న సంగతి తెలియని మనిషి దాని గురించి అడగలేదు. అడగవలసింది తెలిసిన మనిషే. యుద్ధం అయిపోయి గడియారాలు వెనక్కి జరిపేదాకా, కలెక్టరు గారి భార్య వచ్చినా సరే, ముందు ప్లాట్‌ఫారం మీది గడియారం దగ్గరకు తీసుకెళ్ళి నిలబెట్టాకే ఊళ్ళోకి పంపాను. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.