కోత పండుగ బల్ల మీద నీళ్ళ బిందె

పాసయ్యాను! ముందు ఈ మాట చెప్పేస్తే గాని నాకు ఊపిరాడదు. యాభై నాలుగేళ్ళ వయసులో, దూరవిద్యలో, బి.ఏ. డిగ్రీ, అదీ ఫస్టు క్లాసులో! అమ్మ వైపు, నాయిన వైపు ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా మాలో డిగ్రీ చదివినవాళ్ళు ఒక్కరు లేరు. నా కొడుకు కూడా ఐటీఐతో ఆపేసి లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. పొద్దున వాడే ఫోన్లో రిజల్టు చూసి, "మమ్మీ, పాసైనవ్! ఇగ నన్ను సదువుకోమని తిట్టే హక్కు నీకొచ్చింది పో" అని అరిచిన అరుపు పీర్జాదిగూడలో మా అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి కింద వాచ్‌మన్ దాకా వినిపించింది.

అసలు సంతోషం ఇంకొకటుంది. పర్యావరణం పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది, వాతావరణ మార్పుల వల్ల పేద దేశాలు ఎలా దెబ్బతింటున్నాయి, వాటిని ఎలా ఎదుర్కొంటున్నాయి అని. మా పాఠ్యపుస్తకంలో మాలాంటి వాళ్ళకు "దుర్బలులు" అని పేరు పెట్టారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పొగ ఎక్కడో ఎవరో వదిలారు, కార్లూ కర్మాగారాలూ వాళ్ళవి, ఎండ మాత్రం మా నెత్తిన. దెబ్బలు కాచుకుని ఇంకా నిలబడ్డవాళ్ళను పట్టుకుని దుర్బలులనడం ఏం న్యాయం? అందుకని పుస్తకంలో ఉన్నది రెండు పేజీలు రాసి, దాని కింద నాచారంలో మా చర్చి బావి సంగతి నాలుగు పేజీలు రాసి వచ్చేశాను. ఫెయిల్ చేస్తే చేసుకోనీ అనుకున్నాను. అన్ని పేపర్లలోకీ దాంట్లోనే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఆ సంగతి మీకూ చెప్పాలి. నా ఈడు వాళ్ళకైతే సగం చెప్పగానే మిగతా సగం గుర్తొస్తుంది.

ఎనభైల నడుమ, వరుసగా మూడేళ్ళు వానలు మొహం చాటేసిన రోజులవి. అప్పటి కరువుకు కారణం ఇదీ అని నేను చెప్పలేను, ఆ పెద్ద పెద్ద మాటలేవీ అప్పుడు మాలో ఎవరం వినలేదు. నాచారం ఫ్యాక్టరీల వెనక, మెదక్ నుంచీ నల్లగొండ నుంచీ బతకడానికి వచ్చిన కుటుంబాల బస్తీ మాది. మా నాయిన దారం మిల్లులో షిఫ్టులు చేసేవాడు. బస్తీ నడుమ సిమెంటు రేకుల చర్చి, దాని ఆవరణలో రాతి మెట్ల దిగుడు బావి. ఆ బావి ఎండిపోయాక మా ఆడపిల్లల పని మౌలాలి రైల్వే క్వార్టర్ల నల్లా దగ్గర లైన్లో నిలబడడం. సైకిల్ క్యారేజీకి పాత ట్యూబుతో బిందెను బిగించి, నీళ్ళు తొణక్కుండా పైన నాలుగు వేపరెమ్మలు వేసి, మిట్టలెక్కించి తోసుకుంటూ వచ్చేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడ వేపచెట్టు చూసినా నాకు చేదు గుర్తురాదు, అరచేతుల్లో సైకిల్ హ్యాండిల్ గుర్తొస్తుంది.

అట్లా వారంలో మూడు రోజులు బడి పోయేది. నేను పదో తరగతి. ఇంకో నెల ఇలాగే సాగితే పరీక్షకు కూర్చోనివ్వనని హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపింది. బస్తీలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి ఆ కబురు మా ఇంట్లో చావుకబురులా వినిపించింది.

సరిగ్గా అప్పుడే మా పెద్దనాయిన, అంటే నాయినకు అన్న, చర్చి కమిటీకి పెద్ద, ఆ ఎండిన బావిని పూడ్చేద్దామని తీర్మానం చేయించాడు. ఆయన్ని తప్పు పట్టలేను. పక్కింటివాళ్ళ మేక అందులో పడి మెడ విరిగి చచ్చింది, రేపు పిల్లలెవరైనా పడితే? కోత పండుగ అయిన మర్నాడు, సోమవారం, రాళ్ళూ మట్టీ లారీలో వస్తాయన్నాడు. అమ్మ మాత్రం బావి పోతే నా చదువు పోయినట్టేనని రెండు రోజులు ముద్ద మింగలేదు. ఇప్పుడు నీళ్ళు లేకపోయినా, తవ్వితే రేపు వస్తాయన్న ఆశ ఆ ఒక్క బావి మీదే ఉంది. కానీ బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆ తరం కోడళ్ళకు ఎక్కడిది?

కోత పండుగంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. పొలంలో మొదట పండినదాన్ని చర్చికి తెచ్చి ముందు బల్ల మీద పెడతారు, ఆరాధన అయ్యాక దాన్నే వేలం పాడతారు. పట్నానికి వచ్చినా మేం దాన్ని వదల్లేదు, ఊళ్ళ నుంచి చుట్టాలు జొన్నలో గుమ్మడికాయలో కోడిపుంజులో తెచ్చేవాళ్ళు. ఆ ఏడు తెచ్చింది గుప్పెడు తాలు గింజలు, వడలిన కందికంప. వాటి పక్కన, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద, అమ్మ ఒక నీళ్ళ బిందె దించింది. చూసి నేను అదిరిపోయాను. అది ముందు రోజు నేను మౌలాలి నుంచి తోసుకొచ్చిన బిందె, ఆ పూట ఇంట్లో తాగడానికి ఉన్న మొత్తం నీళ్ళు. అమ్మను అక్కడే కరిచేయాలన్నంత కోపం వచ్చింది.

వేలం పాడించేది ఎప్పుడూ పెద్దనాయినే, ఆయన గొంతు మైకు అక్కర్లేని గొంతు. బిందె దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"ఇదేందమ్మా? నీళ్ళకు పాట వాడుతరా ఎవలన్న?"

అమ్మ కొంగు సర్దుకుని, ఆయన మొహం వైపు కాకుండా బల్ల వైపే చూస్తూ అంది: "ఈసారి మా ఇంట్ల పండింది గిదే బావా. పైసలకు ఇయ్య. బాయిల ఎవలు ఎన్ని దినాలు తవ్వుతరో గది పాడుండ్రి."

చర్చి అంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో "గట్లయితే మా అత్తను తోలిస్త, ఖాళీగనే ఉంటది" అన్నారు. అయితే మా దగ్గర ఒక పద్ధతుంది. దేవుని ముందు పెట్టిన వస్తువు పాట లేకుండా చిన్నబోకూడదని, ప్రతిదానికీ మొదటి పాట వేలం పాడించేవాడే అంటాడు. ఇరవై ఏళ్ళ అలవాటు పెద్దనాయినది. నవ్వుల మధ్య, ఏమంటున్నాడో ఆలోచించకుండానే ఆయన నోరు అనేసింది.

"ఒక దినం... ఒకటోసారి!"

అని, నాలిక కరుచుకున్నాడు. పూడ్చేస్తానన్న మనిషే తవ్వుతానన్నాడు! వేలం సరదా చూద్దామని వచ్చిన మా పక్కింటి పిన్నిగారు, కోస్తా వైపు నుంచి వచ్చిన గుమాస్తాగారి భార్య, గుమ్మం దగ్గర నుంచి చెయ్యెత్తారు. "నావి మూడు రోజులు రాసుకోండి అన్నయ్యగారూ! గునపం మాత్రం మీరే ఇవ్వాలి, మా ఇంట్లో అట్లకాడ తప్ప ఇనుము లేదు."

ఇంక ఆగలేదు. నాలుగు దినాలు, ఐదు, వారం. చివరకు, ఇంట్లో కూడా పది మాటలు మాట్లాడని మా నాయిన లేచి "పది దినాలు" అని కూర్చున్నాడు. పాట అయిపోయింది అనుకుంటుంటే అమ్మ మళ్ళీ లేచింది. "గెల్సినోళ్ళే కాదు, పాట వాడినోళ్ళంత దిగాలె. దేవుని ముంగట అన్న మాట ఎన్కకు తీస్కుంటరా?"

"నన్నే ఇరికిస్తివి గదనే తల్లీ" అన్నాడు పెద్దనాయిన. సోమవారం లారీని గేటు దగ్గర నిలబడి ఆయనే వెనక్కి పంపాడు.

తవ్వితే వెంటనే నీళ్ళు పడ్డాయంటే అబద్ధం. రాయి తగిలింది, తడి మన్ను తగిలింది, అంతే. ఒక్క దినం బాకీ తీర్చుకుని పోతాడనుకున్న పెద్దనాయిన ఆ నెలంతా దిగాడు, మధ్యలో వదిలేస్తే నలుగురూ నవ్వుతారని. ఆ నెలంతా ఆడపిల్లల బదులు పెద్దవాళ్ళు వంతులేసుకుని మౌలాలి వెళ్ళారు, నన్ను బడికి తోలారు. చర్చి రేకుల మీద పడే వానను బావిలోకి మళ్ళిద్దామన్నది కూడా పెద్దనాయినే. పాత డ్రమ్ములు చీల్చి కాలువలు కట్టాడు.

కోతలకు ముందు రావలసిన వాన వేసవి దాటాక వచ్చింది. ఆ సంబరంలో అందరం ఒక తప్పు చేశాం. మొదటి వానను నేలకే వదిలేయాలని ఊళ్ళో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు. రేకుల మీద ఏడాదిగా పేరుకున్న ఫ్యాక్టరీ మసీ పావురాల రెట్టా మొత్తం బావిలోకి దిగి, తెల్లారేసరికి నీళ్ళు సిరాలా ఉన్నాయి. వెక్కిరించడానికి వచ్చినవాళ్ళకు అమ్మ బక్కెట్లు చేతికిచ్చింది. రెండు రోజులు తోడిపోసి, బొగ్గూ కంకరా ఇసుకా నింపిన గుంట గుండా నీళ్ళు దిగేలా చేశారు. తర్వాతి వేసవిలో ఇంటికి రోజుకు రెండు బిందెలు. ఊరంతా నల్లాల దగ్గర కొట్టుకుంటుంటే మా బస్తీ ఆడపిల్లలు బడిలో ఉన్నారు. నేను పదో తరగతి అంతకుముందే పాసయ్యాను. తర్వాత పెళ్ళి, పిల్లాడు, ఒక బడిలో ఆయా ఉద్యోగం, ఇన్నేళ్ళకు ఈ డిగ్రీ.

ఇప్పుడు ఆ బావి మీద స్లాబు వేసి బండ్లు పెడుతున్నారు. ఫిబ్రవరికే ఎండలు మాడుస్తున్నాయి; నెలంతా పడాల్సిన వాన ఒక్క సాయంత్రం కుమ్మరిస్తే ఉప్పల్ చౌరస్తాలో బస్సులు మునుగుతాయి, మూడు నెలలు తిరక్కుండా అక్కడే ట్యాంకర్లు వరుస కడతాయి. అప్పుడు మాకు లేని మోటార్లు, పైపులు, డబ్బులు ఇప్పుడు ఉన్నాయి. నా రోజులు మూడు రాసుకోండి అని గుమ్మంలో చెయ్యెత్తే పిన్నిగారిలాంటి వాళ్ళే లేరు. మా అపార్టుమెంటులో ఇంకుడుగుంత తవ్వుదామంటే మెయింటెనెన్సులో కలిపేయండి ఆంటీ అన్నారు. నేనూ వాచ్‌మన్ భార్యా కలిసి తవ్వడం మొదలుపెట్టాక సిగ్గుపడి నలుగురు వచ్చారు. నలుగురు చాలు. దుర్బలులట!

అమ్మకు ఇందాకే ఫోన్ చేశాను. "నా పేరు రాసినవా అండ్ల?" అని అడిగింది. పరీక్షలో పేర్లు రాయకూడదమ్మా అంటే అలిగి పెట్టేసింది.

ఇంకా చేయాల్సినవాళ్ళు: పెద్దనాయిన, చెవులు వినపడవు గనుక ఆయన మనవడికి. కాకినాడలో పిన్నిగారు. మా బడిలో తోటి ఆయాలు ఇద్దరు. స్టడీ సెంటర్లో పాఠాలు చెప్పిన సారు. జహీరాబాదులో ఆడబిడ్డ. జవహర్‌నగర్‌లో మా చెల్లెలి కూతురు, ట్యాంకరు వచ్చే రోజుల్లో ఇంటర్ క్లాసులు మానేస్తోందట. ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తేదాకా చేయాలి.