ద్వారకలో తీసిన తొమ్మిది సెకన్లు

దయ్యం పట్టిందని, గాలి సోకిందని ఎవరైనా చెబితే నాకు నవ్వొస్తుంది. పన్నెండేళ్లుగా సూరత్‌లో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లు, పుట్టినరోజులు ఫోటోలు తీస్తున్నాను. చివరిచూపుకు రాలేని చుట్టాలకు పంపడం కోసం శవాల ఫోటోలు కూడా తీశాను. ఒక్కదాంట్లోనూ దయ్యం పడలేదు. పడిందని ఫోన్ పట్టుకొచ్చిన వాళ్లకు అది లెన్స్ మీద వేలిముద్ర అని తుడిచి చూపించి పంపించాను.

కాబట్టి ఇది చదివి నన్ను పిచ్చివాడి కింద జమకట్టినా ఏమీ అనుకోను. నాకే ఒక్కోసారి అలా అయితే బాగుండుననిపిస్తుంది.

మేం బమ్రోలిలో ఉంటాం. మా అన్న మల్లేశం దగ్గర్లోని కార్ఖానాలో ఎనిమిది సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నేనూ ఆరేళ్లు అన్న పక్కనే సాంచాలు నడిపి, ఆ మోత భరించలేక కెమెరా పట్టుకున్నాను. ఆ మొదటి కెమెరా కొనిపెట్టింది అన్నే. నాన్న పోయాక నాకు అన్నం పెట్టి ఇంతవాణ్ణి చేసిందీ ఆయనే. నాకు ఆయన తర్వాతే ఎవరైనా.

దీపావళికి సూరత్‌లో కార్ఖానాలు మూతపడతాయి, జనం ఊళ్లకు పోతారు. ఆ ఏడాది ఊరికి వద్దు, ద్వారక పోదామన్నాడు అన్న. ఇరవై ఏళ్లకు పైగా గుజరాత్‌లో ఉండి కూడా ద్వారక చూడలేదని ఆయనకు దిగులు.

ప్రయాణానికి నేను నా పెద్ద కెమెరా సంచి బయటికి తీశాను. రెండు లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు అన్నీ కలిపితే చంకన పిల్లను ఎత్తుకున్నంత బరువు. అన్న దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"గా బండను మోసుకొస్తే యాత్రకు పోయినట్టుంటదా? పెండ్లికి పోయినట్టుంటది. జర చిన్నది పట్టుకో తమ్మీ. నువ్వు గూడ మాతోని ఫోటోల పడాలె."

ఫోన్‌తో తీయడం నాకు నామోషీ. అందుకే షాపుకు వెళ్లి జేబులో పట్టే చిన్న కెమెరా చూశాను. వాళ్లు రెండు చూపించారు. ఒకదానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది. రెండోదానికి వెనక స్క్రీన్ ఒక్కటే. రెండోది సన్నగా ఉంది, చొక్కా జేబులో ఇట్టే దూరింది. అదే తీసుకున్నాను. చేతికి తగిలించుకునే నల్లతాడు కూడా దానితో వచ్చింది. ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఎంపిక నాదే. ఎవరూ బలవంతపెట్టలేదు.

ద్వారకలో దర్శనం అయ్యాక మధ్యాహ్నం సముద్రం ఒడ్డుకు వెళ్లాం. ఎండ మండిపోతోంది. అన్న కొత్త నీలం చొక్కా వేసుకున్నాడు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని చెప్పులు విప్పి, చెరొక చేత్తో ఒక్కోటి పట్టుకుని అలల ముందు నిలబడ్డాడు. అది చూసి వదిన పకపకా నవ్వింది. నేను ఒక ఫోటో తీశాను, తర్వాత తొమ్మిది సెకన్ల వీడియో, ఆ వెంటనే ఇంకో ఫోటో. ఎండకు స్క్రీన్ మీద ఏమీ కనిపించలేదు. అందుకే కెమెరాను ఛాతీ దగ్గర పట్టుకుని, దాని పైనుంచి నేరుగా అన్ననే చూస్తూ తీశాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఇది నాకు బాగా గుర్తుంది.

తిరిగొచ్చిన వారానికి ఇంట్లో కంప్యూటర్‌లోకి ఆ ఫోటోలు ఎక్కించాను. మొదటి ఫోటోలో అన్న చేతుల్లో చెప్పులున్నాయి. చివరి ఫోటోలోనూ ఉన్నాయి. మధ్యలో ఉన్న వీడియోలో లేవు.

వీడియోలో అన్న రెండు చేతులూ తల పైకెత్తి, మణికట్ల దగ్గర అడ్డంగా కొట్టి విడదీస్తున్నాడు. మళ్లీ కొడుతున్నాడు, మళ్లీ విడదీస్తున్నాడు. మొహంలో నవ్వు లేదు. కెమెరా వైపు కాదు, కెమెరాకు కొంచెం ఎడమగా చూస్తున్నాడు. చివర్లో ఒక అడుగు ముందుకు వేశాడు. అక్కడికి వీడియో అయిపోయింది.

మీకు అది ఏదో చేతులూపడంలా కనిపిస్తుంది. సాంచాల దగ్గర పనిచేసినవాడికి అలా కనిపించదు. ఆ మోతలో అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకే మా పని సగం సైగలతోనే నడుస్తుంది. నీళ్లకు ఒక సైగ, పోగు తెగితే ఒకటి, సేఠ్ వస్తున్నాడంటే ఒకటి. చేతులు ఇలా అడ్డంగా కొడితే ఒకటే అర్థం. మనిషి సాంచెలో చిక్కుకున్నాడు, మెయిన్ స్విచ్ బంద్ చెయ్.

అన్నను పిలిచి చూపించాను.

"నేనా? నా చేతులల్ల చెప్పులుండె గదరా," అన్నాడు. ఇంకోసారి వేయమన్నాడు.

వదినను అడిగాను. నేను వీడియో తీసినంతసేపూ ఆమె నా పక్కనే ఉంది. "చెప్పులు పట్టుకొనే నిలవడ్డడు. గందుకే గద నేను నవ్వింది," అంది.

అన్నకు ఏదో కాబోతోందని నాకు గట్టిగా అనిపించింది. పనికి పోవద్దని బతిమాలాను. నా తలమీద చేయి పెట్టి ఒట్టు వేయమన్నాను. ఆయన విసుక్కున్నాడు. మా దగ్గర ఊరికే చుట్టీ ఇవ్వరు. మానేసేవాడు తన బదులు ఇంకో మనిషిని నిలబెట్టాలి. లేకపోతే ఆ సాంచాలు వేరేవాళ్ల చేతికి పోతాయి.

"నేను పోతాను, నీ సాంచాలు నేను నడుపుతాను," అన్నాను.

"నీయి ఇప్పుడు బటన్ ఒత్తే చేతులురా. నడుపుతవా?" అని నవ్వాడు. నేను వదల్లేదు. చివరికి నాలుగు రోజులకు ఒప్పుకున్నాడు.

ఆ నాలుగు రోజులు అన్నను సాంచాల నుంచి దూరంగా ఉంచగలిగితే గండం గడిచినట్టేనని నమ్మాను. దయ్యాల్ని నమ్మనివాణ్ణి దీన్నెలా నమ్మానని అడగకండి. అన్న విషయంలో నేను దేన్నైనా నమ్ముతాను.

మొదటి రెండు రోజులు చేతులు తడబడినా పని నడిచింది. లోపల మాత్రం గర్వంగా ఉంది. జీవితంలో మొదటిసారి అన్న కోసం నేనేదో చేస్తున్నాను.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఈ సాంచాల్లోనే ఎక్కడో లోపం ఉండాలి. అదేదో వీడియో తీసి మెకానిక్‌కు చూపిస్తే అన్న తిరిగొచ్చేలోగా బాగుచేస్తాడు. చిన్న కెమెరా జేబులోనే ఉంది. పెద్దదైతే ఆ దుమ్ములోకి తెచ్చేవాణ్ణే కాదు.

జారిపోకుండా తాడు కుడిచేతి మణికట్టుకు తగిలించుకుని, ఐదో సాంచె పక్కన వంగి, గేరు పళ్ల చక్రం తిరిగే చోటికి దగ్గరగా కెమెరా పెట్టాను. అక్కడ చీకటిగా ఉంది కాబట్టి స్క్రీన్ బాగా కనిపిస్తోంది. నా కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. చేతి మీద లేవు.

చక్రం తాడును ఎప్పుడు అందుకుందో తెలియదు. కెమెరా లోపలికి పోయింది, దాని వెనకే నా వేళ్లు. నేను అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ఎడమచేత్తో ఆ సాంచె స్విచ్ అందుకోబోయాను. జానెడు దూరంలో చేయి ఆగిపోయింది.

తలెత్తి చూస్తే తలుపు దగ్గర అన్న. ఇంట్లో కూర్చోబుద్ధి కాక నాకు టిఫిన్ డబ్బా తెచ్చాడట. పనికి వచ్చే రోజుల్లో బనియన్ మీదే ఉంటాడు. ఆ రోజు పని లేదు కాబట్టి ద్వారక నీలం చొక్కా వేసుకున్నాడు. డబ్బా కింద పడేసి, రెండు చేతులూ తల పైకెత్తి, మణికట్ల దగ్గర అడ్డంగా కొట్టి విడదీస్తున్నాడు. నా వైపు కాదు, నాకు కొంచెం ఎడమగా చూస్తున్నాడు. అక్కడ మెయిన్ దగ్గర ఒక ఒడియా మనిషి నిలబడి ఉన్నాడు. తర్వాత అన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా అరుపు నాకు వినబడింది.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఇంకొంచెం ఆలస్యమైతే చేయి మొత్తం పోయేదన్నాడు డాక్టర్.

ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు నాకు అర్థమైంది. ఆరేళ్లు సాంచాలు నడిపిన నేను, పని నేర్చుకునే మొదటి రోజే తెలిసే సంగతి మరిచిపోయాను. చిక్కుకున్నవాడు ఆ సైగ చేయలేడు. వాడికి చేతులు ఖాళీ ఉండవు. దూరం నుంచి చూసినవాడే ఎప్పుడైనా ఆ సైగ చేసేది. ద్వారకలో అన్న తన గురించి చెప్పడం లేదు. కెమెరా ఎవరి చేతిలో ఉందో వాడి గురించి చెబుతున్నాడు.

ఆ వీడియో నేను చూడకపోతే అన్న బదులు వెళ్లేవాణ్ణి కాదు. వెళ్లకపోతే ఇది జరిగేది కాదు. జరగకపోతే ఆ వీడియోలో ఏముండేది? ఈ లెక్క నాకు ఎటు నుంచి వేసినా తేలలేదు. తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురికి వీడియో చూపించాను. చెప్పులు కింద పెట్టి ఉంటాడు, నువ్వు గమనించలేదన్నారు. అలాగే అయి ఉండొచ్చని నేనూ నన్ను ఒప్పించుకోవాలని చూశాను. అప్పుడు అన్న మాట గుర్తొస్తుంది. ఆస్పత్రిలో నా కట్టు మీద చేయి పెట్టి ఏడ్చాడు.

"ద్వారకల నేను చెయ్యలే తమ్మీ, ఒట్టు. కార్ఖానల చేసిన. గంతే."

ఇప్పుడు మూడో వేలితో బటన్ నొక్కడం నేర్చుకున్నాను. పెద్ద కెమెరా ఎంత బరువైనా అదే మోస్తున్నాను. దాని వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, ఎదురుగా ఉన్నదే లోపలా ఉందని రూఢి చేసుకున్నాకే నొక్కుతున్నాను.

మొన్న ఇంట్లో అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీయబోయాను. కెమెరా ఎత్తగానే అన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. చేతులు ముందుకు పెట్టి మంచిగ నిలవడమని వదిన అంది. ఆయన పెట్టలేదు.

నేనూ పెట్టమనలేదు.