చేప పొలుసుకి ఇంకో పేరు

నా చిన్నప్పుడు మా అమ్మ చేతులు మోచేతుల దాకా మెరిసేవి. నరసాపురం దగ్గర మా ఊళ్ళో నెత్తిన గంప పెట్టుకుని ఇంటింటికీ చేపలు అమ్మేది. కొన్నవాళ్ళ పెరట్లోనే కూర్చుని పొలుసు గీకి, ముక్కలు కోసి ఇచ్చేది. ఎంత తోముకున్నా రెండు మూడు పొలుసులు చేతిని అంటిపెట్టుకునే ఉండేవి.

గంపలో సగం ఖాళీ అయ్యేది ఒక్క మోతుబరి ఇంట్లోనే. పండుగప్ప పులుసు లేకపోతే వాళ్ళకి ఆదివారమే కాదు. అమ్మ మాత్రం పెరటి గడప దాటకూడదు, కొళాయి ముట్టుకోకూడదు. కాలేజీలో చదివే వాళ్ళమ్మాయిని మేము చిన్నమ్మగారు అనేవాళ్ళం. అమ్మ కనబడితే చాలు, ముక్కు మూసుకునేది. ఆ మూసుకున్న వేళ్ళ గోళ్ళకి తళతళలాడే రంగు. మేనమామ దుబాయ్ నుంచి తెచ్చాడట.

ఆ రంగు సీసా తాలూకు అట్టపెట్టె పెరట్లో పారేస్తే, అమ్మ వెంట వెళ్ళిన నేను ఏరుకుని అందులో పెన్సిల్ ముక్కలు దాచుకున్నాను. దాని వెనక చీమతలకాయలంత అక్షరాల్లో ఏవేవో ఇంగ్లీషు పేర్లు. అవేంటని మా సైన్సు మాస్టారిని అడిగాను. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చదువుతూ, గ్వానిన్ అన్న మాట దగ్గర ఆగి, లావుపాటి పుస్తకం తీసి చూశారు. చేప పొలుసుకి మెరుపునిచ్చేది అదేనని, పొలుసులు పోగుచేసి దాన్ని తీస్తారని చెప్పారు. "ఈ సంగతి ఆ ఇంట్లో మాత్రం అనకమ్మా" అని కూడా అన్నారు. నేను వింటేనా!

ఆదివారం చిన్నమ్మగారు ముక్కు మూసుకోగానే పెట్టె పైకెత్తాను. "మీ గోళ్ళకున్నది కూడా చేప పొలుసేనండి! ఇదిగోండి, ఇక్కడ రాసుందండి!" ఎంత సంబరపడిపోతూ అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎవరూ అరవలేదు. ఇంటి పెద్దమ్మగారు నవ్వుతూ మెట్ల మీద కూర్చుని, "పిల్లని బాగా చదివిస్తున్నావే. మా అమ్మాయికే పాఠాలు చెబుతోంది. మరి దీన్నేం చేద్దామంటావు?" అని అమ్మని అడిగి ఊరుకున్నారు. అమ్మ కత్తిపీట మీద నుంచి లేచి పొలుసు గీకుతున్న చేత్తోనే నా చెంప మీద కొట్టింది. "ఇంకోటి" అన్నారు పెద్దమ్మగారు. ఇంకోటి కొట్టింది. బుగ్గ మీద పొలుసు అంటుకుంది. చిన్నమ్మగారు వంగి చూసి, "అమ్మా, దీనికీ మెరుపొచ్చిందే!" అంది. అందరూ పగలబడి నవ్వారు. నవ్వడం అయ్యాక చేప ముక్కలు లోపలికి పట్టుకెళ్ళారు.

ఇంటికెళ్ళే దారిలో అమ్మే అంది: "ఆ పేరెట్టినోళ్ళకి అది చేపని తెల్దనుకున్నావేంటే? తెలిసే ఎట్టారు. ఆ ఇల్లు మానేత్తే మనం ఏం తినాలో నీ పెట్టె మీద రాసుందా?" అని, కొంగు తడిచేసి నా బుగ్గ తుడిచింది.

మరుసటి ఆదివారం చిన్నమ్మగారి గోళ్ళకి అదే రంగు, అప్పుడే వేసుకున్నట్టుంది. ముక్కు మూసుకోవడమూ మానలేదు. చేప అని తెలిశాక కూడా ఆ సీసా ఆవిడ అద్దం ముందే ఉండి ఉంటుంది. అమ్మ మాత్రం బతికినంత కాలం ఆ గడప దాటలేదు. ఆ ఇంటివాళ్ళని నేను ఈనాటికీ క్షమించలేదు.

ఇప్పుడు పౌడరు కొన్నా, క్రీము కొన్నా, కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు చివరి మాట దాకా చదువుతాను. మొన్న మా మనవరాలు స్నేహితురాళ్ళని వెంటేసుకొచ్చి, గోళ్ళరంగు పెట్టె చూపించి, "అమ్మమ్మా, ఈ గ్వానిన్ అంటే ఏంటి?" అని అడిగింది. ఆ అమ్మాయిలంతా నా వంకే చూస్తున్నారు.

"ఏదో మెరుపుకి వేస్తార్లేవే" అన్నాను. అనేశాక చూసుకుంటే, నా చెయ్యి చెంప మీద ఉంది.