గరుకు కాగితం తగలని గిలక్కాయ

రెండువేల పన్నెండులో నా మనవరాలి తొట్టెల పండుగకు గిలక్కాయ నేనే చేస్తానని పట్టుబట్టాను. అశోక్‌నగర్ గల్లీలో మా తమ్ముడికి చిన్న లేత్ మిషన్ ఉంది. దాని మీద మంచం కోళ్లు, చపాతీ కర్రలు చేస్తాడు. గిలక్కాయ గుండును అతనే తొలిచి, లోపల చింతగింజలు వేసి, మూత బిగించాడు. పిడి నా వంతు.

పసిపిల్లలు నోట్లో పెట్టుకునేది పిడినే. అలాంటి వాటికి గరుకు కాగితం తగలనివ్వకూడదని వడ్రంగి పని చేసిన మా నాన్న నియమం. ఇసుక రేణువు కట్టెలో ఉండిపోతుందని ఆయన భయం. కాబట్టి నునుపంతా ఉలితోనే రావాలి. దానికి అంచు ఏటవాలుగా ఉండే ఉలి పట్టాలి. గోడకు అలాంటివి రెండు వేలాడుతున్నాయి, ఒకటి సన్నం, ఒకటి వెడల్పు.

“చిన్నది తీస్కో అక్కా. గా పెద్దది నీ చేతుల ఆగదు,” అన్నాడు తమ్ముడు.

సన్నదే తీసుకుని, తిరుగుతున్న కట్టెకు ఆనించి నొక్కాను. టక్కున ఉలి కొన దిగబడింది. కట్టె చుట్టూ మరమేకుకు ఉన్నట్టు గాడి పడింది. ఇంకో కట్టె బిగించాడు. అదీ అంతే అయింది.

“ఏందక్కా, బలపం లెక్క గట్ల ఒత్తుతవ్? చిక్కడపల్లి బడిల ఎన్ని బలపాలు ఇరగ్గొట్టినవో ఏమో!”

నిజమే. అక్షరాలు నేర్చుకోవడానికి ఆ ఏడే సాయంత్రం బడికి వెళ్తున్నాను. బలపాలు నిలిచేవి కావు.

“పిడికి సరిపడ ఎండిన కట్టె ఇగ ఇదొక్కటే ఉన్నది. ఇది గూడ పోతే నారాయణగూడల ప్లాస్టిక్‌ది కొనుక్కరా. రేపే తొట్టెల.”

ఆ ఆఖరి కట్టెను చూస్తుంటే నాకు కత్తిపీట గుర్తొచ్చింది. కత్తిపీట కదలదు, వంకాయే దాని దగ్గరకు వస్తుంది. ఇక్కడా కట్టె తనంతట తానే తిరిగి వస్తోంది కదా, నేను ఉలిని తోయడమెందుకు? ఇంకోటి కూడా తట్టింది. సన్నదానిలో చెయ్యి కాస్త అదిరితే చాలు, కొన తగులుతోంది. వెడల్పుదానిలో కొనలు రెండూ దూరంగా ఉంటాయి, మధ్య అంచుతో చెక్కుకోవచ్చు.

పెద్దది దించాను. తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు.

ఉలి అంచును కాదు, దాని వెనకుండే ఏటవాలు భాగాన్ని కట్టె మీద ఊరికే ఆనించాను. అది రాసుకుంటూ ఉండగా, అంచు కట్టెను అందుకునేదాకా వెనక చేతిని కొంచెం కొంచెంగా ఎత్తాను. సుర్రుమంటూ ఉల్లిపొర లాంటి తొక్క లేచింది! లేచి లేచి నా గాజుల్లో, జుట్టులో చుట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. పిడి కొస దాకా ఒక్క గాడి లేకుండా వచ్చింది.

మిషన్ ఆపాడు. పని చేసి చేసి మా చేతులకు కాయలు కాసి ఉంటాయి కాబట్టి మేం నునుపును చెంపతో చూస్తాం. అతను ముఖం వంచబోయాడు.

“ముందు గడ్డం గీక్కో పో!” అని లాక్కుని నా చెంపకే ఆనించుకున్నాను. తడి తమలపాకు తగిలినట్టుంది.

“ఇంకో కట్టె పెట్టు!”

“ఒక్క పొల్లకు ఎన్ని గిలక్కాయలే అక్కా?”

“గిలక్కాయ ఎవరడిగిండ్రు? గా మంచం కోడు ఎక్కియ్యి!”