పగటికీ చుక్కలకూ ఒకటే దుర్భిణి

మా మేనత్త పోయింది. సిరిసిల్ల నుంచి ఆమె మరిది ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో, నా కళ్లద్దాల దుకాణంలో ఒక ముసలాయనకు నంబరు చూస్తున్నాను. "వదినె ఇగ లేదు. పొద్దున చాయ్ తాగి కూసున్నది, కూసున్నట్టే ఒరిగింది. నువ్వు జెప్పన రా" అన్నాడు. గొంతులో బాధ ఉంది, కాదనను. కానీ ఆ గొంతు వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. అది ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఇది ఎప్పటికీ రాయలేను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరికీ నచ్చేట్టు రాయాలంటారు. ఈసారికి అది నావల్ల కాదు.

అత్తమ్మ గంభీరావుపేట హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లైన కొన్నేళ్లకే మామయ్య పోయాడు, పిల్లలు లేరు. సిరిసిల్లలో మరిది ఇంట్లోనే పై గదిలో ఉండేది. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దస్తమానం దడదడమంటుంటే పైన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేది. ఆ పై అంతస్తు, దాని మీది డాబా ఆమె జీతంతో వేసినవే. ఈ మాట ఆమె ఎన్నడూ అనలేదు, అందుకే నేను అంటున్నాను.

మనిషి మెత్తనిది కాదు. చిల్లర ఇవ్వని కండక్టరును బస్సు దిగేదాకా వదిలేది కాదు. నా దుకాణానికి వచ్చి ఎవరైనా చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటుంటే, వాళ్లెవరో తెలియకపోయినా చేయి పట్టుకుని ఆపేది. "ముందుగాల ఊదు. దుమ్ము పోనియ్యి. అటెన్క తుడువు. ఉల్టా జేస్తె నీ చేతులతోని నువ్వే గీతలు గీసుకుంటవ్" అనేది. ఈ మాట నేను ఈనాటికీ గిరాకీలకు చెప్తుంటాను, నా సొంత తెలివి అన్నట్టే.

సిరిసిల్ల నుంచి కోరుట్లకు దగ్గర దారి ఉంది. అత్తమ్మ మాత్రం జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి వచ్చేది. మల్యాల దాటేదాకా గుట్టలు చూడొచ్చని, జగిత్యాల బస్టాండులో గద్దలు తిరుగుతుంటాయని చెప్పేది. బస్టాండులో తలెత్తి గద్దలను చూసే ఆడమనిషిని ఊహించుకోండి. చుట్టూ ఉన్నవాళ్లు పైన ఏముందోనని ఒకసారి చూసి, ఏమీ లేదనుకుని, ఈమెను చూసేవాళ్లట.

రిటైరైన కొన్నాళ్లకు అట్లాగే చుట్టు తిరిగి వచ్చి నా కౌంటరు ముందు కూర్చుంది.

"అల్లుడా, నాకొక దుర్భిణి కావాలె. పగటీలి పిట్టలు కనవడాలె, పొద్దుగూకినంక చుక్కలు కనవడాలె. రెండిటికి ఒక్కటే."

"దేని పని దానికే ఉంటది అత్తమ్మా. రెండు తీసుకో" అన్నాను.

"నాకు రెండు మెడలు లేవు" అంది.

తర్వాత కాస్త తగ్గి చెప్పింది. "గిన్నేండ్లు పుస్తకంల బొమ్మ చూపెట్టి పాఠం చెప్పిన. చంద్రుని మీద గుంటలుంటయని చెప్పుడే గని నా కండ్లతోని చూసింది లేదు. అవద్దం చెప్పలే, గని చూడంది చెప్పిన."

హైదరాబాదు నుంచి మూడు రకాలు తెప్పించి ఆమె ముందు పెట్టాను. మొదటిది బాగా దగ్గరికి లాగేది. దుకాణాల్లో అందరూ దాన్నే అడుగుతారు, నంబరు పెద్దది కదా అని. అది చేతిలో పట్టుకుని నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు చదవబోయింది. "ట్యాంకి దగ్గరికచ్చింది గని నా చెయ్యి వణుకుడు గూడ దగ్గరికచ్చింది" అని పక్కన పెట్టేసింది. రెండోది ముందరి అద్దాలు పెద్దవిగా ఉండి ఎక్కువ వెలుగు పట్టేది. బరువైనది. పడుచు వాళ్లకైతే చీకట్లో దాన్ని మించింది లేదు కానీ, వయసు మీద పడ్డ కంటిపాప చీకట్లో అంతగా విచ్చుకోదు. అద్దం పట్టిన వెలుగంతా కంట్లోకి పోదు. అది నేను చెప్పాను, ఆమె ఒప్పుకుంది. మూడోది ఎనిమిది రెట్లు దగ్గరికి చూపేది, ముందరి అద్దం నలభై రెండు మిల్లీమీటర్లది. మెడకు భారం కాదు, చేతిలో నిలుస్తుంది, సాయంత్రం వెలుగుకూ చాలుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు అంచులను కిందికి తిప్పుకుంటే అద్దాలు తీయకుండానే బొమ్మంతా కనిపిస్తుంది. తిప్పకపోతే అంచులన్నీ నల్లగా కమ్ముకుంటాయి. పగటికీ చుక్కలకూ ఒకటే కావాలని ఎవరు అడిగినా నేను ఇప్పటికీ దాన్నే చేతిలో పెడతాను.

అయినా ఆమె వెంటనే తీసుకోలేదు. పొద్దుగూకేదాకా కూర్చుంది. తర్వాత మా ఇంటి డాబా ఎక్కి, ముందు ఉత్త కళ్లతో చంద్రుణ్ని పట్టుకుని, చూపు తిప్పకుండా దుర్భిణిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. మెడ నొచ్చేదాకా దాన్ని దించలేదు. చివరికి, "పిల్లలకు నేను తక్కువ చెప్పిన అల్లుడా" అంది. ఆ రోజు ఆమె ముఖం చూసినవాణ్ని కాబట్టే నాకు ఇంత కోపం.

ఆ తర్వాత ఒక మంచి కాలం నడిచింది. దుర్భిణితో వచ్చిన నైలాను పట్టీ మెడను ఒరుస్తోందని, కింద సాంచె మీద నేసిన చీర అంచు ముక్కను పట్టీగా కుట్టించుకుంది. పొద్దున మానేరు కట్ట మీదికి పోయి నీటికోళ్లనూ కొంగలనూ చూసేది. సాయంత్రం డాబా పిట్టగోడకు మోచేతులు ఆనించి నిలబడేది. నాకు ఫోన్ చేసి చెప్పేది. "పిల్లలకోడి చుక్కలు తెల్సు గద. ఉత్తగ చూస్తె ఆరో ఏడో. దీంట్లకెల్లి చూస్తె కోడికి గంపెడు పిల్లలున్నయి." ఆమె నవ్వు ఫోన్లోనే వినేవాణ్ని.

పిల్లలకోడి, పెద్దలు కృత్తికలనేవి, చలికాలం సాయంత్రాలు తూర్పున పొడుస్తాయి. వాళ్ల ఇంటికి తూర్పున ఉన్నది పక్కింటాయన ఇల్లు. ఆమె చేసిన నేరమంతా ఇదే.

ఒకరోజు అత్తమ్మ ఫోన్ చేసి, "అల్లుడా, నా దుర్భిణి మీద పంచాయితీ పెట్టిండ్రు, నువ్వొకసారి రా" అంది. వేళాకోళం అనుకున్నాను. పోయి చూస్తే సాంచాలు ఆపి, వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కులపెద్దలు కూర్చుని ఉన్నారు. ముందున్న స్టూలు మీద దుర్భిణి పెట్టి ఉంది, దొంగసొమ్ము పట్టుకున్నట్టు. అత్తమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కుర్చీ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేను తెచ్చి వేస్తే ఆమె కూర్చోలేదు.

పక్కింటాయన అన్నాడు, "మా ఆడోళ్లు డాబ మీద తలారవెట్టుకునుడు బంద్ జేసిండ్రు. టీచరమ్మ దినాం దుర్భిణి వెట్టి మా ఇంటి దిక్కే చూస్తది."

"మీ ఇంటి దిక్కు గాదు, మీ ఇంటి మీదికెల్లి. చుక్కలు ఆడ్నే పొడుస్తయి" అంది అత్తమ్మ.

పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. వరసకు ఆమెకు మామ అవుతాడు. తీర్పు చెప్పే ముందు తనే చూస్తానని దుర్భిణి తీసుకున్నాడు. కళ్లద్దాల మీదే పెట్టుకుని ద్వారంలోంచి బయటికి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నల్లగున్నది. ఏం కనవడ్తలేదు" అన్నాడు.

"మామా, మీకు అద్దాలున్నయి గద. ఆ రబ్బరు కిందికి తిప్పుండ్రి, కనవడ్తది" అంది అత్తమ్మ.

"నలుగురు కూసున్న కాడ ఆడోళ్లు ఊకుండాలె" అన్నాడాయన. రబ్బరు తిప్పలేదు. అంతమందిలో ఒక ఆడమనిషి చెప్తే తిప్పడం ఆయనకు చేతకాలేదు. దుర్భిణి స్టూలు మీద పెట్టి, "ఏం కనవడని దాన్ని వట్టుకొని దినాం గంటసేపు నిలవడ్తదంటె, మరి ఏం చూస్తున్నట్టు?" అని అందరినీ అడిగాడు. అందరూ తలలూపారు. నేను లేచి మాట్లాడబోతే, "నువ్వు తల్లిగారి తరపోనివి. గిది మా ఇంటి ముచ్చట" అని కూర్చోబెట్టారు.

మరిది చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కాస్త సుఖంగా ఉండేది. "ఇజ్జత్ పోతది వదినె. నా దగ్గరుంచు, కొన్ని దినాలైనంక ఇస్త" అని బతిమాలినట్టే అన్నాడు. తీసుకుపోయి తన గదిలో బీరువాలో, పెళ్లి చీరల అడుగున పెట్టి తాళం వేశాడు. అత్తమ్మ పై గదికి పోయి తలుపు వేసుకుంది.

కొన్ని దినాలన్నది రెండు వానాకాలాలైంది. చివరికి పక్కింటాయన కూతురి పెళ్లి అయిపోయి, అందరూ సంగతి మరిచిపోయాక దుర్భిణిని తిరిగి ఇచ్చారు. ఆమె దాన్ని తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఈసారి జగిత్యాల మీదుగా కాదు, దగ్గర దారిలో వచ్చింది. లైటు వేసి చూశాను. గాలి తగలని బీరువాలో చెమ్మకు లోపలి అద్దాల మీద బూజు పట్టింది. తెల్లటి సన్నని పోగులు అద్దమంతా పాకి పూతను తినేశాయి. ఒకసారి పూత పోయాక ఎవరు తుడిచినా అది మునుపటిలా కాదు. ఆ మాట ఆమెకు చెప్పడం నా పనైంది.

"కొత్తది తెప్పిస్త అత్తమ్మా" అన్నాను.

"వద్దు అల్లుడా. మల్ల తెస్తె మల్ల కూసుంటరు. నేను జేసిన తప్పేందో వాళ్లకూ సమజ్ గాలేదు, నాకూ సమజ్ గాలేదు. ఇంకోసారి గోడకు నిలవడే ఓపిక లేదు" అంది.

ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత ఆమె డాబా ఎక్కినట్టు ఎవరూ చెప్పలేదు. తూర్పు కిటికీకి పరదా కట్టుకుంది. "టీచరమ్మ ఇప్పుడు మంచిగైంది" అని వాడలో అనుకున్నారట. ఒక మనిషిని లోపలినుంచి ఆర్పేసి, వెలుతురు కళ్లకు గుచ్చుకోవడం లేదని సంతోషపడడమంటే ఇదే.

నేను పోయేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎందరో పిల్లలకు వెలుగు చూపిన తల్లి అని పెద్ద అక్షరాలు. కింద ఉన్న పేర్లలో పక్కింటాయన పేరూ ఉంది. ఫ్లెక్సీ చింపేయాలన్నంత కోపం వచ్చింది. ఫొటోలో ఆమె నవ్వుతోంది కాబట్టి ఊరుకున్నాను.

మూడో రోజు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టారు. మా వైపు అది తప్పనిసరి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి ఏ కోరికా మిగల్లేదని అర్థం. ముట్టకపోతే ఏదో మిగిలిందని. అన్నం, మటన్ కూర, గారెలు, స్టీలు గ్లాసులో చాయ్ పెట్టారు. కాకి రాలేదు. ఎండ ముదిరింది, కూర మీద ఈగలు వాలాయి, కాకి మాత్రం రాలేదు.

"ఏందో కోరికున్నది. ఏమిష్టముండె ఆమెకు?" అన్నాడు పెద్దమనిషి. ఒకరు చాయ్‌లో చక్కెర వేశారేమో, ఆమె చక్కెర లేకుండా తాగేది కదా అన్నారు. ఇంకొకరు జిలేబీ తెప్పిద్దామన్నారు. నేను ఇక ఆగలేకపోయాను.

"ఆమె కోరికేందో మీకందరికి తెల్సు. మీరే బీరువాల వెట్టి తాళమేసిండ్రు" అన్నాను.

పెద్దమనిషి మరిదితో మెల్లగా అన్నాడు, "చెప్పు రా. ఇగ చూసుకొమ్మని చెప్పు." మరిది విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు. "వదినె, ఇగ నీ ఇష్టమున్నంతసేపు చూసుకో. ఎవ్వలేమనరు" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. ఇంత చిన్న మాట ఆమె బతికుండగా అనడానికి నోరెందుకు రాలేదో ఆ మానేరుకే తెలియాలి.

అనుమతి ఇచ్చి అందరూ లేచి వెనక్కి జరిగారు. పెద్దమనిషి, పక్కింటాయన, మరిది, ఆ రోజు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న మిగతావాళ్లు, అందరూ నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని, మెడలు వెనక్కి వంచి, ఆకాశంలోకి చూస్తూ ఎండలో చాలాసేపు నిలబడ్డారు. ఏం చూస్తున్నారని వాళ్లను ఎవరూ అడగలేదు.